జాబితాలో విరామం: ఉదయగిరి సీమ శాసనాల నుండి నేటి దస్తావేజుల దాకా

“కలువాయి సర్పంచి, రైతు సంఘం అధ్యక్షుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు సభకు హాజరయ్యారు.” నమూనాగా కూర్చిన ఈ వాక్యం జిల్లా పత్రికల్లోని స్థానిక వార్తల పుటలో కనిపిస్తే ఎవరికీ వింతగా తోచదు. అయితే ఆ సభకు వచ్చినవారెందరు అన్న ప్రశ్నకు వాక్యంలో సమాధానం లేదు. ముగ్గురు వచ్చి ఉండవచ్చు. సర్పంచిగారే రైతు సంఘానికి అధ్యక్షులై, పూర్వాశ్రమంలో ఉపాధ్యాయులై ఉంటే వచ్చింది ఒక్కరే. క్రియాపదమూ సాయపడదు. తెలుగులో గౌరవార్థక ఏకవచనానికీ బహువచనానికీ క్రియారూపం ఒక్కటే కనుక “హాజరయ్యారు” అన్నది ఒకరికీ చెల్లుతుంది, ముగ్గురికీ చెల్లుతుంది.

ఆంగ్ల రచనా సంప్రదాయం ఇటువంటి చిక్కుకు ఒక మార్గం ఏర్పరచుకొన్నది. జాబితాలోని ఒక్కొక్క అంశం ఒకే పదమైతే కామా చాలు. అంశంలో లోపల మరొక జాబితా ఉంటే, లోపలి విభజనకు కామాను ఉంచి, అంశానికీ అంశానికీ నడుమ సెమికోలన్‌ను వాడుతారు. పేరు, హోదా, ఊరు అనే మూడింటినీ కామాలతో చెప్పి, ఒక వ్యక్తి వివరం ముగిసిన చోట సెమికోలన్ పెడితే వ్యక్తులెందరో తెలిసిపోతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు కామాను వాక్యాంశ బిందువనీ, సెమికోలన్‌ను అర్ధ బిందువనీ పేర్కొంటాయి. పేర్లు స్థిరపడ్డాయి గాని, రెండవదాని పని మాత్రం తెలుగు రాతలో స్థిరపడలేదు. ఆ పనిని తెలుగు పూర్వం దేనితో నెరవేర్చింది, ఆ సాధనం తొలగినప్పుడు ఏమి జరిగింది అన్నది పశ్చిమ నెల్లూరు ప్రాంతపు రాతల ఆధారంగా పరిశీలించదగిన విషయం. జాబితా అక్కడ అలంకారం కాదు. భూమి ఎవరిది, ఎంత, ఎక్కడి వరకు అని చెప్పే పత్రాలన్నీ జాబితాలే.

శాసనంలో జాబితా

కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలు విజయనగర కాలంలో ఉదయగిరి రాజ్యపు పరిధిలోనివి. ఆ దుర్గాన్ని గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలుచుకొన్నాడు. ఈ సీమలోనూ, దాని చుట్టుపట్లా లభించిన శాసనాల్లో అధిక భాగం దానశాసనాలు. దానశాసనం స్వభావరీత్యా ఒక పట్టిక. దాత బిరుదులు, ప్రతిగ్రహీతల పేర్లు, వారి గోత్ర సూత్రాలు, ఒక్కొక్కరికి వచ్చిన వృత్తుల సంఖ్య, పొలం హద్దులు, సాక్షులు అనే వరుసలో అది నడుస్తుంది. వీటిలో ప్రతిగ్రహీతల భాగం అచ్చంగా రెండు అంతస్తుల జాబితా. గోత్రం, సూత్రం, పేరు, వృత్తి అనే నాలుగు వివరాలు కలిస్తే ఒక మనిషి. అటువంటి మనుషులు పదులకొద్దీ కలిస్తే ఒక అగ్రహారం. ఆంగ్ల పద్ధతిలో అయితే సెమికోలన్ లేనిదే సాగని రచన ఇది.

శిలపై గాని, రాగిరేకుపై గాని కామా లేదు. ఒంటి దండం, జంట దండం ఉన్నాయి గాని వాటి వాడుక నియతం కాదు. చోటు కలిసిరాని చోట లేఖకుడు వాటిని విడిచిపెట్టాడు. పదానికీ పదానికీ ఎడం కూడా లేదు. అయినా ఆనాటి పాఠకుడు లెక్క తప్పలేదంటే విభజన మరొక చోట జరుగుతున్నదన్న మాట.

మొదటి సాధనం అంకె. గోత్రంతో మొదలైన వివరం “వృత్తి ౧” అన్న తీరులో సంఖ్యతో ముగిస్తే, అంకె వచ్చిన చోటల్లా ఒక మనిషి పూర్తయినట్లు. ఆభరణాల పట్టికలకూ ఇదే పద్ధతి పనికివస్తుంది. 1513 ఫిబ్రవరిలో కృష్ణదేవరాయలు తొలిసారి తిరుమలను దర్శించినప్పుడు సమర్పించిన కానుకల్లో రత్నకిరీటంతో పాటు 25 వెండి పళ్లేలు ఉన్నాయి. ఇద్దరు రాణులు, చిన్నాదేవి, తిరుమలదేవి, చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. ఒక నగ పేరు, దాని తూకం, అందులోని రాళ్ల లెక్క అనే వరుసలో నడిచే అటువంటి వివరంలో ఏ రాళ్లు ఏ నగవో చెప్పవలసిన భారం అంకెలమీదనే పడుతుంది. ఉదయగిరిని గెలిచాక 1514లో రాయలు మళ్లీ తిరుమలకు వచ్చి కానుకలిచ్చాడు. లెక్క రాసిన లేఖకులకు ఇది చేయితిరిగిన పని అయి ఉండాలి.

రెండవది ఛందస్సు. విజయనగర రాజుల తామ్రశాసనాలు ఎక్కువగా సంస్కృత పద్యాల్లో ఉంటాయి. ప్రతిగ్రహీతలను శ్లోకంలో ఇమిడ్చినప్పుడు పాదాంతమో, శ్లోకార్ధమో మనిషికి మనిషికి నడుమ ఎడమై నిలుస్తుంది. లయ తెలిసిన చెవికి అక్కడ గుర్తు అవసరం లేదు.

మూడవది, తెలుగుకు సొంతమైనది, సముచ్చయం. “రామయయు, తిమ్మయయు, కోనయయు” అన్నప్పుడు ప్రతి పేరు వెనుకా నిలిచిన “యు” ఆ అంశం ముగిసిందని చెబుతుంది. ఆంగ్లంలోని “అండ్” చివరి రెండంశాల నడుమ ఒక్కసారి వచ్చి ఊరుకొంటుంది. తెలుగు “ను, యు” ప్రతి అంశానికీ అంటుకొంటుంది. వాడుక భాషలో అదే అచ్చు దీర్ఘంగా మిగిలింది: “రామయ్యా, తిమ్మయ్యా, కోనయ్యా”. ఈ ప్రత్యయం ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. విశేషణాలూ, బిరుదులూ, ఊరిపేర్లూ ఎన్ని ముందు పేర్చినా వాటికి అది అంటదు. మనిషి పేరు చివరనే అంటుతుంది. “కలువాయి సర్పంచియు, రైతు సంఘపు అధ్యక్షుడును, విశ్రాంత ఉపాధ్యాయుడును” అంటే ముగ్గురు. “కలువాయి సర్పంచియు రైతు సంఘపు అధ్యక్షుడును అయిన విశ్రాంత ఉపాధ్యాయుడు” అంటే ఒక్కడు. సెమికోలన్ చేయగలిగిన పనంతా ఇక్కడ ఒక ప్రత్యయం, ఒక “అయిన” కలిసి చేశాయి.

నాలుగవది ముగింపు లెక్క. “అను నలుగురు”, “ఇవి అయిదు” అని జాబితా చివర మొత్తం చెప్పడం. కరణాల లెక్కల్లో ఇదే “వెరసి” అయింది. అంశాల విభజనలో ఎక్కడైనా పొరపాటు జరిగితే వెరసి దగ్గర బయటపడుతుంది. పదాలను విడదీయక కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు రాతలో విరామచిహ్నానికి చోటెక్కడిది? అయినా ఆ లెక్కలు తరతరాలు చెల్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరణీకం 1984లో రద్దయ్యేదాకా ఆ రాతను చదవగలవారు ప్రతి ఫిర్కాలోనూ ఉండేవారు.

ఈ సాధనాలన్నీ ఉన్నా మిగిలిపోయే చిక్కు ఒకటుంది. అది తెలుగు సమాసంలో ఉంది. హద్దుల్లో “చింతచెట్టు పుట్ట” అని ఉన్నదనుకొందాం. దీనిని ద్వంద్వంగా గ్రహిస్తే చింతచెట్టు ఒక గుర్తు, పుట్ట మరొక గుర్తు. షష్ఠీ తత్పురుషంగా గ్రహిస్తే చింతచెట్టు దగ్గరి పుట్ట అనే ఒకే గుర్తు. తెలుగులో షష్ఠీ విభక్తి ప్రత్యయం తరచుగా లోపిస్తుంది కనుక రూపం రెండింటికీ సమానం. ఊరివారికి ఆ చెట్టూ ఆ పుట్టా తెలుసు. దిక్కుల పేర్లు వరుసగా వస్తాయి, వామనముద్ర చెక్కిన హద్దురాయి నేలమీద నిలిచి ఉంటుంది. పత్రం ఒంటరిగా సాక్ష్యం చెప్పవలసిన అవసరం లేదు. నాలుగైదు వందల ఏళ్ల తరువాత చెట్టూ పుట్టా పోయి పత్రం ఒక్కటే మిగిలినప్పుడు దాన్ని అచ్చువేసే పరిష్కర్తకు మాత్రం ఆ సౌకర్యం లేదు.

పరిష్కర్త పెట్టిన కామా

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రకటించారు. తాలూకాల వారీగా కూర్చిన ఆ సంపుటాల్లో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనాలూ చేరాయి. ఈ జిల్లా చరిత్రను గురించి రాసినవారెవరూ వీటిని దాటిపోలేదు. అంతకు ముందు 1873లో బాస్వెల్ రచించిన జిల్లా మాన్యువల్ వెలువడింది. ఇంకా వెనక్కు వెళితే కాలిన్ మెకంజీ పర్యవేక్షణలో కావలి సోదరులూ వారి సహాయకులూ సేకరించిన కైఫీయత్తులు ఉన్నాయి. కైఫీయత్తుల వచనం చదివినవారికి దాని నడక తెలిసిందే. అసమాపక క్రియలతో పుటలకొద్దీ సాగే వాక్యం, “మొదలయిన” అనో “వగయిరా” అనో ముగిసే జాబితాలు. “వగయిరా” అన్నది వెరసికి సరిగ్గా వ్యతిరేకం. లెక్క తేల్చడం లేదని ముందే ఒప్పుకొనే మాట అది.

ఇటువంటి పాఠాన్ని ఆంగ్లంలోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు విరామం పెట్టక తప్పదు. పెట్టిన ప్రతి కామా ఒక నిర్ణయం. మూలంలో లేని గుర్తును చేర్చాననే స్పృహ అతనికి ఉండవచ్చు, చదివేవానికి ఉండదు. కొండవీటి విజయాన్ని (1515) చెప్పే శాసనాల్లో రాయలకు పట్టుబడిన గజపతి సేనానుల జాబితా వస్తుంది. వీరభద్ర గజపతి, కుమార హంవీర మహాపాత్రుని కుమారుడు, మల్లూఖాను, ఉద్దండఖాను అందులోనివారు. పేరుకు ముందు తండ్రి పేరు, ఊరి పేరు, “పాత్ర”, “మహాపాత్ర” వంటి హోదాపదాలు చేరే ఇటువంటి జాబితాలో ఒక తండ్రి పేరు తరువాత కామా పడితే బందీల సంఖ్య ఒకటి పెరుగుతుంది. ఊరి పేరు ఒక్కరికే వర్తిస్తుందా, వరుసలోని ఇద్దరికా అన్నది కూడా ఆ గుర్తుమీదనే ఆధారపడుతుంది.

భాషాపరంగా ఇందులో గమనించవలసిన తేడా ఒకటి. ఆంగ్లంలో విశేషణ పదబంధం తరచుగా జాబితా చివర చేరుతుంది. కనుక అది వెనక్కు ఎంతవరకు వర్తిస్తుందన్నది సందేహం. తెలుగులో విశేషణం ముందు వస్తుంది. కనుక అది ముందుకు ఎంతవరకు వర్తిస్తుందన్నది సందేహం. అనువాదంలో జాబితా తలకిందులైనప్పుడు సందేహం కూడా ఈ కొస నుండి ఆ కొసకు మారుతుంది. మూలంలో స్పష్టమైనది అనువాదంలో అస్పష్టం కావడానికీ, అస్పష్టమైనది అకారణంగా స్పష్టమైనట్లు కనిపించడానికీ ఇదే కారణం.

న్యాయస్థానంలో

ఇది పండితుల పట్టింపు మాత్రమే కాదనడానికి న్యాయస్థానాల తీర్పులే సాక్ష్యం. మహమ్మద్ షబ్బీర్ వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం కేసులో (1979) సుప్రీంకోర్టు ముందు నిలిచింది ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని 27వ సెక్షన్. అమ్మకం కోసం తయారు చేయడం, అమ్మడం, నిల్వ చేయడం లేదా అమ్మకానికి ప్రదర్శించడం, పంపిణీ చేయడం అనే క్రియల జాబితా అందులో ఉంది. ఆంగ్ల పాఠంలో “నిల్వ చేయడం” అన్న క్రియ తరువాత కామా లేదు. అందువల్ల నిల్వ చేయడం, ప్రదర్శించడం అన్నవి రెండూ ఒకే ముక్క అనీ, “అమ్మకానికి” అన్నది రెండింటికీ వర్తిస్తుందనీ, ఉత్త నిల్వ ఆ సెక్షన్ కింద నేరం కాదనీ కోర్టు తేల్చింది. అంతకు ముందు 1952లో అశ్వినీకుమార్ ఘోష్ కేసులో ఇదే కోర్టు చట్ట వ్యాఖ్యానంలో విరామచిహ్నాలది స్వల్ప స్థానమేనని అభిప్రాయపడింది. స్వల్పమైనదే ఒక మనిషికి శిక్ష తప్పించింది. ఆ సెక్షన్‌ను తెలుగులో చెప్పబోతే “అమ్మకానికి” అన్న మాటను ఎక్కడ ఉంచాలన్నదే సమస్య అవుతుంది. ఒక్కసారి ముందు ఉంచితే తరువాతి క్రియలన్నిటి మీదా దాని నీడ పడుతుంది. ఆ మాటను ప్రతి క్రియ ముందూ మళ్లీ చెప్పక తప్పదు. తెలుగు చట్టభాషలో కనిపించే పునరుక్తిని తప్పుపట్టేవారు ఈ సంగతి గమనించాలి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరిగినది మరింత ప్రసిద్ధం. అదనపు పనిగంటల వేతనం వర్తించని పనుల జాబితాలో చివరి రెండు అంశాల నడుమ కామా లేకపోవడంతో, పాల సంస్థ ఓక్‌హర్స్ట్ డైరీ లారీ డ్రైవర్లు దావా వేశారు. రవాణా కోసం లేదా పంపిణీ కోసం సరుకు కట్టడం అనేది ఒకే పనా, లేక పంపిణీ వేరే పనా అన్నది వివాదం. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈ లోగా మెయిన్ శాసనసభ ఆ జాబితాను తిరగరాసింది. కామాను చేర్చి ఊరుకోలేదు, ప్రతి అంశం తరువాతా సెమికోలన్ పెట్టింది.

భారత రాజ్యాంగ పీఠిక ఆంగ్ల పాఠం కూడా సెమికోలన్ ఆధారంగా నిలిచినదే. న్యాయం కింద మూడు అంశాలు, స్వేచ్ఛ కింద అయిదు, సమానత్వం కింద రెండు. లోపల కామాలు, ఒక విలువ పూర్తయిన చోట సెమికోలన్. తెలుగులో ఈ వరుసను చెప్పినప్పుడు “న్యాయాన్ని”, “స్వేచ్ఛను”, “సమానత్వాన్ని” అని ద్వితీయా విభక్తి ఒక్కొక్క గుంపును మూసివేస్తుంది. చిహ్నాలన్నీ తీసివేసినా గుంపులు చెదరవు. కామా ఆధారంగా నిలవని తెలుగు జాబితాకు ఇది చక్కని ఉదాహరణ.

అచ్చులో

సెమికోలన్ స్వయంగా అచ్చుతో పుట్టిన గుర్తు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణశాల 1490లలో దానిని వాడుకలోకి తెచ్చింది. తెలుగుకు అచ్చు 1746-47లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ ముద్రించిన క్రైస్తవ గ్రంథాలతో మొదలైంది. కేరీ (1814), క్యాంబెల్ (1816), బ్రౌన్ (1840) వ్యాకరణాలు తెలుగును ఆంగ్లంలో వివరించాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సముచ్చయాన్ని ప్రత్యయంగా చర్చించింది. సూత్రపద్ధతిలో అది సహజం. అచ్చు పుస్తకంలోకి కామా వచ్చినా సముచ్చయం వెంటనే పోలేదు. కొంతకాలం “యు” తరువాత కామా కూడా పెట్టి రెండు పనివాళ్లకూ ఒకే పని అప్పగించారు. వ్యావహారిక భాష స్థిరపడి, పత్రికా రచన విస్తరించాక ప్రత్యయం తగ్గింది, కామా మిగిలింది. అంశాన్ని అంశం నుండి వేరుచేయడానికి కామా సరిపోయింది. గుంపును గుంపు నుండి వేరుచేసే పనికి మాత్రం ఎవరూ రాలేదు.

తెలుగు పాఠకుడు సెమికోలన్‌ను సరైన పనిలో చూసిన చోటు ఒకటుంది: ప్రతిపదార్థం. పద్యంలోని పదం, సమానార్థక చిహ్నం, అర్థం, పర్యాయాలకు కామా, తరువాతి పదానికి ముందు సెమికోలన్. ప్రాచీన కావ్యాలను టీకతో అచ్చువేసిన పుస్తకాలూ, బడిపిల్లల గైడ్లూ దీనిని ఇంటింటికీ చేర్చాయి. పద్యానికి ప్రతిపదార్థం రాసిన విద్యార్థే లేఖారచనలో హాజరైనవారి జాబితా రాసేటప్పుడు ఆ గుర్తును మరచిపోతాడు. రెండింటికీ సంబంధం ఉన్నదని వ్యాకరణ పాఠం చెప్పకపోవడమే ఇందుకు కారణం. అర్ధ బిందువును కామాకు ఎక్కువ, పూర్ణవిరామానికి తక్కువ అయిన నిలుపుగా పుస్తకాలు నిర్వచిస్తాయి. నిలుపు కాలాన్ని బట్టి చేసే ఈ నిర్వచనం బిగ్గరగా చదివేవానికి పనికివస్తుంది. జాబితా రాసేవానికి పనికిరాదు.

చెక్కుబంది

శాసనంలోని హద్దుల జాబితాకు నేటి వారసుడు క్రయ దస్తావేజులోని షెడ్యూలు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఆపైన చెక్కుబంది: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. దస్తావేజు లేఖరి దిక్కుకొక వరుస కేటాయిస్తాడు. అతనికి సెమికోలన్ తెలియకపోవచ్చు గాని వరుస మార్చడమే అతని సెమికోలన్. దిక్కు పేరే అతని అంకె, మొత్తం విస్తీర్ణమే అతని వెరసి. సోమశిల కాలువల కింద భూమి చేతులు మారే కలువాయి, ఆత్మకూరు వంటి చోట్ల ఈ నాలుగు వరుసల విలువ వేరే చెప్పనక్కరలేదు.

పాఠాన్ని యంత్రంలోకి ఎక్కించేటప్పుడు మొదట పోయేది ఈ వరుసే. అచ్చు పుటను బొమ్మగా తీసి అక్షరాలుగా మార్చినప్పుడు వరుసలు కలిసిపోతాయి, దండం కొన్నిసార్లు “౧”గానో, ఆంగ్ల అక్షరంగానో మారుతుంది. శాసన సంపుటాలను ఇలా మార్చుకొని వాడేవారికి మూలంలోని గుర్తు ఏది, 1905 నాటి పరిష్కర్త పెట్టినది ఏది, యంత్రం పుట్టించినది ఏది అన్నది విడదీయరాని స్థితి ఏర్పడుతుంది. పరిష్కర్త చేర్చిన అక్షరాన్ని చదరపు కుండలీకరణాల్లో చూపే నియమం శాసన పరిష్కరణలో ఉంది. చేర్చిన కామాకు అటువంటి నియమం లేదు. “చింతచెట్టు పుట్ట” నడుమ పడిన ఒక్క గుర్తుతో ఒక గుర్తు రెండవుతుంది. ఆ రెండింటి గుండా గీసిన గీత పొలం హద్దవుతుంది. ఆ కామాకు కూడా కుండలీకరణం వేయడం పరిష్కర్తకు పెద్ద శ్రమ కాదు.